ఇచ్చేసిన ఇల్లు

మా ఆయన బ్రహ్మయ్యకి కొల్లిపర దగ్గర పొలం ఉంది, పొలాన్ని మించిన నోరు ఉంది. తన వీలునామా రిజిస్టరు చేయించుకొచ్చిన దగ్గర్నుంచీ తెనాలిలో మా వీధి మొత్తానికీ ఆయనే ప్లీడరు. అందుకే 2006లో పక్కింటి సైదావలి బాబాయ్ పెద్దకొడుకు నౌషాద్ లారీ కింద పడి చనిపోయినప్పుడు, కోడలు ఆసియాకి ధైర్యం చెబుతూ, ఏం భయం లేదమ్మా, మీ ఆయన వాటా నీకూ నీ కూతురికీ వస్తుంది అని అడ్డంగా చెప్పేశాడు. ఆ పిల్ల నమ్మింది. నేనూ నమ్మాను. మా ఇళ్ళల్లో అంతే మరి, కొడుకు పోతే అతని వాటా పెళ్ళాంబిడ్డలకి వస్తుంది.

బాబాయ్‌ది పరుపులు కుట్టే పని. ముందుగదిలో దూది, వెనక రెండు గదుల్లో కాపురం. పరుపు గుడ్డలూ దిండు గలీబులూ కుట్టేది ఆసియాయే. రెండో కొడుకు ఫరూక్‌కి రేపల్లెలో కొట్టు పెట్టించింది కూడా బాబాయే. కూతురు షబానాని బాపట్లలో ఇచ్చారు. భార్య పోయి చాలాకాలమైంది. అందుకని ఆ మనిషికి వేళకింత ముద్ద పెట్టేది ఆసియా ఒక్కతే.

ఆ ఏడే ఒక శుక్రవారం మసీదు నుంచి బాబాయ్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. తండ్రి బతికుండగా కొడుకు పోతే, ఇంకో కొడుకు ఉన్నాడు కాబట్టి, పోయినవాడి బిడ్డకి తాత ఆస్తిలో వాటా రాదని పెద్దలు చెప్పారట. కోడలి మాట అడగనే అక్కర్లేదు. మా ఆయన ఒప్పుకుంటేగా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒక వీలునామా రాసి పారేస్తే సరి అన్నాడు. ఇలా కాదని మా ఆయన్నీ, బాబాయ్‌నీ, ఆసియానీ వెంటబెట్టుకుని నేనే ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. వీళ్ళ చట్టంలో మిగతా వారసులు ఒప్పుకోకపోతే వీలునామా మూడో వంతుకి మించి చెల్లదు. ఇల్లంతా ఆసియాకి దక్కాలంటే బతికుండగానే హిబా చెయ్యాలి, అంటే దానం ఇచ్చెయ్యాలి. ఇస్తున్నానని ఆయన అనాలి, కబూల్ అని ఆసియా పుచ్చుకోవాలి, ఆపైన ఇల్లు నిజంగా ఆమె చేతికి రావాలి.

"చేతికి రావడమంటే, మీరు మీ పరుపు, పెట్టె తీసుకుని బయటికి నడవాలండి. కొన్నాళ్ళు వేరేచోట ఉండండి. రేపు ఎవరూ వంక పెట్టడానికి ఉండదు. ఒక్కటి మాత్రం ఆలోచించుకోండి. ఇచ్చేశాక ఆ ఇంట్లో మీకు ఏ హక్కూ ఉండదు."

నాకు ఒళ్ళు మండింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే కదా. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి సొంత ఇంట్లోంచి పెట్టె పట్టుకుని వెళ్ళడమేంటి? మూడో వంతు రాసి ఊరుకోమని ఆటోలో దారిపొడుగునా పోరాను. మూడో వంతులో పొయ్యి పెడతావా, మంచం వేస్తావా అని ఒక్క మాట అడిగి బాబాయ్ నా నోరు మూయించాడు.

షబానా ఫోన్‌లోనే సరేనంది. ఫరూక్ మాత్రం రేపల్లె నుంచి వచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు. ఇంటి మీద ఆశ కంటే, తనని నమ్మలేదన్న బాధే అతని గొంతులో ఎక్కువ వినిపించింది.

"వదిన్ని నేను రోడ్డున పడేస్తానా నాన్నా? అడిగితే ఇవ్వనా?"

"ఇస్తావురా. ఆ పిల్ల నిన్ను అడగాల్సిన పని ఎందుకు రావాలి?" అన్నాడు బాబాయ్.

ఫరూక్ హిబా కాగితం మీద సాక్షిగా సంతకం పెడతానన్నాడు.

ఆదివారం పొద్దున పెద్దలు కూర్చున్నారు. బాబాయ్ తాళంచెవి ఆసియా ముందుంచి, ఈ ఇల్లు నీకు ఇచ్చేశాను తల్లీ అన్నాడు. ఆమె కబూల్ అనాలి. అనలేదు. ఆ మాట అంతకుముందు నౌషాద్‌తో నిఖా అయిన రోజున అన్నది కదా, అది గుర్తొచ్చిందేమో అనుకున్నాను. కాదు. నా చెయ్యి పట్టుకుని చెవిలో గొణిగింది.

"నేనా మాటంటే మామ బయటికెళ్ళిపోవాలంట గదా పిన్నీ."

అనమ్మా, నా తల్లివి కదూ అని బాబాయ్ బతిమాలాడు. చివరికి అంది. వినపడలేదని పెద్దలు మళ్ళీ అనిపించారు. రెండోసారి ఏడుస్తూ అంది. నాకూ ఏడుపు ఆగలేదు. బాబాయ్ మాత్రం పెళ్ళికి వెళ్ళేవాడిలా హుషారుగా పరుపు చుట్టుకుని, ఫరూక్ వెంట రేపల్లె రైలెక్కాడు.

ఇంటిపన్నూ కరెంటు బిల్లూ ఆసియా పేరుకి మారాయి. వానలు వెళ్ళి చలికాలం వచ్చింది. పరుపులకి గిరాకీ మొదలైంది. బాబాయ్ మాత్రం రాలేదు. కొన్నాళ్ళు రేపల్లెలో, కొన్నాళ్ళు బాపట్లలో. ఎప్పుడు ఫోన్ చేసినా వస్తాలే అంటాడు. ఒకరోజు తెనాలి వచ్చి కూడా, వీధి చివర టీ తాగి అటునుంచి అటే వెళ్ళిపోయాడని తెలిసింది. నాకు అనుమానం వచ్చింది. నా నోరు మంచిది కాదు, ఏమన్నా అన్నావేంటే అని ఆసియాని అడిగేశాను. ఆ పిల్ల మర్నాడే లాయరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆయన చుట్టంగా వచ్చి ఎన్నాళ్ళున్నా ఫరవాలేదని ఆవిడ చెప్పాక, నన్ను తోడు తీసుకుని రేపల్లె బయల్దేరింది.

ఫరూక్ కొట్లో బాబాయ్ ఒక మూల దిండులో దూది కూరుతున్నాడు. చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు కానీ రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

"నేనా గడప తొక్కితే ఇల్లు ఇచ్చినట్టే కాదని రేపెవడో అంటాడమ్మా. నీ బిడ్డ నెత్తిన కప్పు పోద్ది. నాదేముంది, ఎక్కడైనా పడుంటాను."

ఆ ఎవడో ఎవరో కొట్లో ఉన్న అందరికీ తెలుసు. ఫరూక్ తల వంచుకున్నాడు. అలా అనుకోబట్టే ఆ ముసలాయన ఇన్ని నెలలూ అన్నం తినే ఇంటికి రాకుండా ఉన్నాడని అర్థమై నా గుండె తరుక్కుపోయింది.

ఆసియా మామగారి ముందు ఏనాడూ గొంతెత్తి ఎరగదు. ఆరోజు మాత్రం ఆయన ఎదుట నేల మీద కూర్చుంది.

"ఇల్లు ఎవరిది మామా?"

"నీదే తల్లీ."

"నాదైతే, నా ఇంటికి ఎవర్ని పిలవాలో చెప్పేది నేనే గదా. పదండి."

నా ఇల్లు అని ఆమె నోట వినడం నాకదే మొదలు. లాయరమ్మ చెప్పిన మాట కూడా నేను వివరించాను. బాబాయ్ చేతిలో దిండు పక్కన పెట్టి, కొత్తచోటికి వెళ్ళే మనిషిలా మొహమాటంగా అడిగాడు.

"ఎన్నాళ్ళు ఉండమంటావమ్మా?"

"అది కూడా నా ఇష్టమే," అంది ఆసియా.

ఫరూక్ లేచి, తండ్రి పరుపు చుట్టి భుజాన వేసుకుని, మాకంటే ముందు స్టేషను వైపు నడిచాడు.