తోడికోడలి అకౌంటు

అట్టపెట్టెలు అచ్చువేసే ఆ ఆఫీసు అన్నదమ్ములిద్దరిది. ముందు గదిలో కంప్యూటర్లు, వెనక షెడ్డులో యంత్రాలు, మెట్ల కింద ఇరుకు అరలో సర్వరు. దాని బాగోగులు చూసేది చిన్నకోడలు. పెళ్ళికి ముందు ఆమె చేసిన ఉద్యోగం అదే కావడంతో, ఇక్కడా అదే ఆమె నెత్తిన పడింది.

ఆఫీసంతటికీ ఒకటే అకౌంటు. దాని పేరు 'అందరూ'. పాస్‌వర్డు యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళకు సైతం నోటికొచ్చు. అంతా సాఫీగానే సాగేది గానీ, ఒకరోజు సబ్బుల పెట్టెకని పెద్దకోడలు గీసిన బొమ్మ మీద ఎవరో బిస్కెట్ల పెట్టె బొమ్మ సేవ్ చేసేశారు. ఎవరని అడిగితే ఎవరికి వారే 'నేను కాదు' అన్నారు. సర్వరును అడిగితే అది 'అందరూ' అంది. పాపం, దానికి తెలిసిన పేరు అదొక్కటే.

బ్యాకప్‌లో పాత బొమ్మ దొరికింది కాబట్టి గండం గడిచింది. చిన్నకోడలు మాత్రం ఇక లాభం లేదనుకుని, మనిషికో అకౌంటు ఇస్తానంది.

బావగారు భగ్గుమన్నారు. "ఏంటమ్మాయ్, ఆఫీసులో వేరు కుంపట్లు పెడతావా? ఇన్నాళ్ళూ కలిసి చేసుకోలేదా?"

"కుంపటి ఒకటే బావగారూ. బొమ్మలన్నీ ఉమ్మడి ఫోల్డర్‌లోనే ఉంటాయి, అందరూ తెరవచ్చు. ఎవరు ఏం మార్చారో తెలుస్తుంది, అంతే. సొంత కాగితాలు పెట్టుకోడానికి ఎవరి సొరుగు వాళ్ళకి."

"మన మధ్య సొరుగులెందుకు?" అని గొణిగారు గానీ, సబ్బుల కంపెనీ ముందు తలవంపులు తృటిలో తప్పాయన్నది ఆయనకూ గుర్తుంది. సరేనన్నారు.

చిన్నకోడలు ముందుగా పెద్దకోడలికే అకౌంటు తెరిచింది. పాస్‌వర్డు కొట్టమని, తాను మొహం పక్కకు తిప్పుకుంది.

"నువ్వు చూస్తే ఏమవుతుందే?" అని నవ్వింది పెద్దకోడలు.

"చూడకూడదక్కా. ఇది నీ ఒక్కదానిదే."

తెర మీద ఖాళీ ఫోల్డరు తెరుచుకుంది. పెద్దకోడలు కుర్చీని తెరకు ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. నలుగురు అక్కచెల్లెళ్ళతో ఒకే గదిలో పెరిగి, అక్కణ్ణుంచి నేరుగా ఈ ఉమ్మడి ఇంటికొచ్చిన మనిషి. బీరువాలో చీరల అర కూడా ఆడపడుచుతో పంచుకున్నదే. "ఎవరూ చూడరా?" అంది చిన్నగా.

"నువ్వు చూపిస్తే తప్ప చూడరు."

అప్పట్నుంచి పెద్దకోడలు పని ముగిశాక కూడా తెర ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరైనా అటు వస్తే తెర మూసేసేది. బావగారికి అది కంట్లో నలుసైంది. ఒక మధ్యాహ్నం చిన్నకోడలి బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"మీ అక్క ఏం రాస్తోందో ఏమో. సర్వరు నీ చేతిలోదే కదా, ఒకసారి తియ్యమ్మా."

చిన్నకోడలు కుర్చీ ఆయన వైపు తిప్పింది. ఆయన ఇంటికి పెద్ద. కాదంటే రేపు మాట పట్టింపులొస్తాయి. "పాస్‌వర్డు నాక్కూడా కనబడదు బావగారూ. సర్వరు చూసేదాన్ని కాబట్టి ఫోల్డరు మాత్రం తెరవగలను, అబద్ధమెందుకు. కానీ తెరవను. ఇవాళ మీకోసం అక్కది తెరిస్తే, రేపు ఎవరికోసమో మీది తెరుస్తాననుకోరూ?"

ఆయన మొహం ముడుచుకుంది. "మరి నేనేం చెయ్యాలి?"

"అక్కనే అడగండి."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు ఆ ఆలోచన తట్టినట్టు లేదు. అటు రెండడుగులు వేసి, ఆగి, మళ్ళీ నడిచి భార్య పక్కన నిలబడ్డారు. "ఏం చేస్తున్నావే?"

"పెట్టె గీస్తున్నా. సగంలో ఉంది. సగం పని ఎవరన్నా చూస్తే నా చెయ్యి ముందుకు సాగదండీ. పూర్తయ్యాక చూపిస్తా."

ఆయన షెడ్డులోకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమంతా ముభావంగా ఉన్నారు గానీ, మళ్ళీ అడగలేదు. చిన్నకోడలితోనూ ఒక్క మాట తూలలేదు.

కొన్నాళ్ళకు పెద్దకోడలే ఇద్దర్నీ పిలిచింది. ఆటబొమ్మల దుకాణానికి పెట్టె అది. మడతలు విప్పితే తలుపులూ కిటికీలూ ఉన్న ఇల్లయిపోతుంది. ఎవరూ అడగని పెట్టె, ఎప్పట్నుంచో ఆమె మనసులో మెదులుతున్నదట. బావగారు కళ్ళద్దాలు సవరించుకుని, మెచ్చుకోలు మాటే లేకుండా తెర మీద ఒక మూల వేలు పెట్టారు.

"ఇక్కడ జిగురు రాసే అంచు చాలదు. ఊడిపోతుంది."

పెద్దకోడలు మొహం విప్పారింది. తనకు నచ్చని పెట్టెకు ఆయన జిగురు లెక్క చెప్పరని ఆమెకు తెలుసు. అంచు పెంచి, ఆ బొమ్మను తానే ఉమ్మడి ఫోల్డర్‌లోకి పంపింది.

ముగ్గురూ షెడ్డులోకి నడిచారు. మొదటి నమూనా కత్తిరించి మడిస్తే కిటికీ మూసుకోనని మొండికేసింది. అట్ట మందం ఎక్కువైందని ఆయన, కోత తప్పని ఆవిడ వాదించుకున్నారు. చిన్నకోడలు వాళ్ళనలా వదిలేసి, పలచటి అట్ట వెతకడానికి వెళ్ళింది.