గుర్రాలవంక ఒడ్డున నాలుగు తూములు

నేను ఒక సిమెంటు తూమును. రోడ్డు కింద నీళ్లు పోవడానికి పరుస్తారే, మనిషి వంగితే లోపల నడిచిపోగలిగినంత గొట్టం, అదీ నేను. నాకు రెండు నోళ్లున్నాయి గానీ ఒక్క మాట రాదు. వచ్చి ఉంటే ఆ రోజు ట్రాక్టరును ఆపేదాన్ని.

పుట్టింది అనంతపురం పక్కన ఒక యార్డులో. ఇనుప చువ్వల బుట్టను అచ్చులో పెట్టి, కాంక్రీటు పోసి గిరగిరా తిప్పారు. గట్టిపడ్డాక నీళ్లలో నానబెట్టారు. నా తయారీకి వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత మమ్మల్ని నాలుగింటిని లారీకెక్కించి, ఎండిపోయిన గుర్రాలవంక వాగు దాటించి, ఊరివైపు ఒడ్డున ఓబుళమ్మ అనే రైతు చేను పక్కన దించారు. దించేటప్పుడు ఇంజనీరు కూలీలతో అన్న మాట నాకింకా గుర్తుంది. "వీటిని ఉత్త ఇసుక మీద పెట్టకండి. కింద కాంక్రీటు పరుపు వేసి కూర్చోబెట్టాలి."

హైవే నుంచి వంక దాటి ఊరికి రావాల్సిన ఆ రోడ్డు మీద ఎన్ని ఆశలో. కొండ మీద గాలిమరలు నిలబెట్టడానికి ఒక కంపెనీ పెట్టుబడి పెడుతోందన్నారు. అంత పొడుగు రెక్కలు కొండెక్కాలంటే వెడల్పైన రోడ్డు కావాలి. అదే రోడ్డు మీద ఊరి టమోటాలు మార్కెట్టుకు పోతాయి, ఎరువుల లారీలు ఊళ్లోకి వస్తాయి, వంక పక్కన అంగళ్లు లేస్తాయని షామియానా కింద పెద్దమనుషులు చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ నమ్మాను. హైవే నుంచి తారు అవతలి ఒడ్డు దాకా వచ్చింది. అంతలో వేరే కొండ మీద గాలి ఇంకా బాగుందని కంపెనీకి తేలింది. రెక్కలు అటు వెళ్లాయి, రోడ్డు రోలరూ అటే వెళ్లింది. టమోటాల కోసం ఎవరూ ఆగలేదు. మమ్మల్ని తీసుకెళ్లాలన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

ఏళ్లు గడిచాయి. ఎన్నికలొస్తే ఒక పార్టీ వాళ్లు నా వీపు మీద "రోడ్డు వేస్తాం" అని రాశారు. మరుసటి ఎన్నికల్లో ఇంకో పార్టీ వాళ్లు దాని మీద సున్నం కొట్టి అదే మాట రాశారు. నన్ను దేనికైనా వాడుకున్నది ఓబుళమ్మ ఒక్కతే. కోసిన టమోటాల ట్రేలకు ఎండ తగలకుండా నా కడుపులో పేర్చేది. మధ్యాహ్నం నాకు వీపు ఆనించి సంగటి తినేది. ఆమె అంటే నాకు ఇష్టం, దాచుకోవడమెందుకు.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం భర్త తిప్పన్నతో అంటుంటే విన్నాను. "ఈసారి కాయ మార్కెట్టు చేరితే సేద్యం చేస్తాం. ల్యాకపోతే బెంగుళూరు పోయి కంకర మోస్తాం." తిప్పన్న తల దించుకుని సంగటి తిన్నాడు.

దూరపు మార్కెట్టుకు టమోటాను దోరగా ఉన్నప్పుడే కోయాలి. కోశాక అది ఎవరి కోసమూ ఆగదు. గుర్రాలవంక ఇంకో రకం. ఇక్కడ చినుకు పడకపోయినా పైన ఎక్కడో కురిస్తే, మండే ఎండలో నీళ్లొచ్చేస్తాయి. అందుకే ఊరివాళ్లు పొద్దున్నే కొండ వైపు చూసి, మబ్బు లేకపోతేనే కోతకు దిగుతారు. ఆ రోజు మబ్బు లేదు. చేనంతా కోశారు. మబ్బు కొండకు అవతల ఉందని వాళ్లకేం తెలుసు. ట్రేలు ట్రాక్టరుకెక్కేసరికి వంక పారుతోంది.

ట్రాక్టరు నడిపే మస్తాను నీళ్లలో దిగి చూసొచ్చాడు. "లోతు మోకాటికే అక్కా. గానీ తడి ఇసుకలో లోడు దిగబడిపోతాది. ఇన్ని ట్రేలు నెత్తిన మోసేసరికి పొద్దు మునుగుతాది."

అవతల తారు మీద మార్కెట్టు లారీ హారన్ కొడుతోంది. నాలుగూళ్ల సరుకు ఎక్కించుకున్న లారీ, ఎక్కువసేపు నిలవదు.

ఓబుళమ్మ నా వైపు చూసింది. "రోడ్డుకని తెచ్చిన తూములే కదా. మనమే ఏస్తాం."

"ఎట్ల పడితే అట్ల ఏసేటివి కాదేమో," అన్నాడు తిప్పన్న.

"వాళ్లొచ్చి ఏసేదాకా ఈ కాయ ఉంటాదా, చెప్పు."

ఊరివాళ్లు గడ్డపారలు తెచ్చి మమ్మల్ని వంకలోకి దొర్లించారు. పక్కపక్కనే పెట్టి, సందుల్లో ఇసుక బస్తాలు కూరి, పైన మట్టి పరిచారు. ఇన్నేళ్లకు నా లోపలి నుంచి నీళ్లు పారాయి. పుట్టింది ఇందుకే కదా, సంతోషం పట్టలేకపోయాను. ఆ సంతోషం తీరకముందే తెలిసింది, నా కింది ఇసుకను నీళ్లు పిడికెడు పిడికెడు తోడేస్తున్నాయని. ఇంజనీరు మాట నాకొక్కదానికే గుర్తుంది. నా రెండు నోళ్ల నిండా నీళ్లే.

మస్తాను ట్రాక్టరు ఎక్కించాడు. ముందు చక్రాలు నన్ను దాటాయి. ట్రాలీ బరువంతా నా మీదికొచ్చింది. మోశాను. నేను పగల్లేదు, ఆ ఒక్కటీ నమ్మండి. నా కింద ఇసుకే పోయింది. నేను ఒరిగాను, నాతోపాటు ట్రాలీ ఒరిగింది. మస్తాను దూకి బతికాడు. ట్రేలు ఒకదాని వెనక ఒకటి వంకలో పడ్డాయి.

ఓబుళమ్మ నీళ్లలోకి దిగి, తేలిపోతున్న కాయల్ని కొంగులోకి ఏరుకోసాగింది. తిప్పన్న చెయ్యి పట్టి లాగాడు. "రామ్మే, పోనీ."

"ఒక్క ట్రే అన్నా..." అంటూ ఆమె ఇంకా లోపలికి నడుస్తూనే ఉంది. అవతల లారీ కాసేపు చూసి వెళ్లిపోయింది.

వంక ఎండిపోయాక, వంతెన కావాలని ఊరివాళ్లు పెట్టిన అర్జీ సంగతి చూడటానికి ఒక అధికారి జీపులో వచ్చాడు. నన్ను చూసి ఆయన ముఖం విప్పారింది. "తూములు వేసే ఉన్నాయే. దారి ఉన్నచోట మళ్లీ వంతెన మంజూరు కాదు."

"మేమే ఏసుకున్నాం సార్. ఒరిగిపోయినాయి," అన్నాడు తిప్పన్న.

"ఒరిగితే అది మరమ్మతు కిందికి వస్తుంది. దానికి వేరే ఆఫీసు." ఆయన మర్యాదగానే చెప్పాడు, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. ఒడ్డున పడి ఉన్నన్నాళ్లూ ఇక్కడ వంతెన లేదనడానికి నేనే సాక్ష్యం. ఇప్పుడు నన్ను చూపించే ఉందంటున్నారు. నాకు ఏడ్చే వీలు కూడా లేదు.

మరి కొన్నాళ్లకు ఓబుళమ్మ, తిప్పన్న మూటలతో వచ్చారు. వంకలో చుక్క నీరు లేదు, ఇసుకలో నడిచి పోవచ్చు. అయినా ఆమె మా మీదుగానే నడిచింది. నా దగ్గరికి వచ్చి ఆగి, కాలితో ఒకసారి తట్టింది.

"గట్టిదే ఇది," అంది తిప్పన్నతో. "పగల్లేదు సూడు."

తర్వాత అవతలి ఒడ్డెక్కి, తారు మీద బస్సు కోసం నిలబడింది. ఇంతవరకు నేను క్షేమంగా వంక దాటించిన బరువు ఆ రెండు మూటలే.