నా ఒంటి మీద ఐదు పేర్లు

నేను ఒక చార్టును. ఇంగ్లిష్ భాషాభాగాలు ఎనిమిదింటినీ ఎనిమిది రంగుల గళ్లలో మోస్తుంటాను. నన్ను గీసింది బీఎడ్ కాలేజీ ఎదుట బోర్డులు రాసుకునే యాకూబ్. అతనికి ఇంగ్లిష్ రాదు. అందుకే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క తప్పు లేకుండా దించేశాడు.

కాబోయే టీచర్లు చార్టులు స్వయంగా తయారుచేయాలని ఆ కాలేజీ నియమం. కాబట్టి నన్ను స్వయంగా వెళ్లి కొనుక్కున్నారు. ఒకరి పరీక్ష కాగానే ఇంకొకరికి అమ్మేశారు. ‘తయారుచేసినవారు’ అన్నచోట ప్రతిసారీ పాత పేరు మీద కొత్త చీటీ పడింది.

ఐదో చీటీ వకుళ టీచరుది. ఆవిడ నన్ను ఓ చిన్న ప్రైవేటు బడిలో ఆరో తరగతి గోడకు తగిలించింది. వారం తిరిగాక తనిఖీ రోజు వచ్చింది.

“చార్టు మీరే చేశారా అని అడుగుతారమ్మా. రిపోర్టులో తేడా వచ్చిందో, సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు,” అని హెడ్‌మాస్టరు పొద్దున్నే చెప్పేశాడు.

విద్యాధికారి కోదండపాణి వచ్చీ రాగానే ముందు బెంచీలోని మేఖలను లేపాడు.

“ద టార్టాయిస్ వాక్డ్ స్లోలీ. ఇందులో యాడ్వెర్బ్ ఏదమ్మా?”

“నీలం గడి సార్.”

“గడి కాదు, మాట చెప్పు.”

“పైనుంచి రెండోది సార్.”

వారం రోజుల రిహార్సల్ మరి. ఆయన నావైపు తిరిగాడు.

“ఇది ఎవరు చేశారు?”

“నేనేనండి,” అంది వకుళ. “పదిహేను రోజులు పట్టింది.”

యాకూబ్‌కు రెండు గంటలు పట్టింది.

ఆయన దగ్గరికొచ్చాడు. ఫ్యాను గాలికి నా చీటీ అంచు లేచింది. గోటితో పట్టుకుని లాగాడు. పై నాలుగు చీటీలూ అట్టలా కలిసి పైకి లేచాయి. అడుగు చీటీ మీద మొట్టమొదటి పేరు: తాండ్ర కోదండపాణి, బీఎడ్.

ఆయన చెయ్యి ఆగిపోయింది. పక్కనే నిలబడ్డ వకుళ కూడా ఆ పేరు చదివింది.

“గమ్ము మంచిది కాదు సార్,” అంది నెమ్మదిగా.

ఆయన చీటీలను బొటనవేలితో గట్టిగా అదిమాడు. “స్వయంగా చేస్తేనే ఇంత శుభ్రంగా వస్తుందమ్మా,” అంటూ రిపోర్టులో ‘చాలా బాగుంది’ అని రాసి వెళ్లిపోయాడు.

వకుళ ఉద్యోగం నిలబడింది.

“టీచర్, స్లోలీయే కదా?” అంది మేఖల.

“ఇప్పుడెందుకే, తనిఖీ అయిపోయిందిగా,” అంటూ వకుళ నన్ను చుట్ట చుట్టింది.

ఇప్పుడు బీరువా మీద ఉన్నాను. హెడ్‌మాస్టరు మేనకోడలు బీఎడ్‌లో చేరిందట, ఆరో చీటీ రావచ్చు. అన్ని చీటీలూ ఊడిపోయినా యాకూబ్ పేరు మాత్రం కనిపించదు. అతను రాసుకోలేదు. అతను కేవలం నన్ను తయారుచేశాడు.