ఎనిమిది కుటుంబాల చెవి

ఉమ్మడి బేరం, ఉమ్మడి సేద్యం ఇద్దరికీ చేటు అంటారు. ఇద్దరికే అంత చేటైతే, ఎనిమిది కుటుంబాలు కలిసి కొన్న పడవ ఈపాటికి ఏ కాలవ అడుగునో తేలాలి. అయినా ఆ పడవ, పేరు డామ్సన్, మునగలేదు. ఏడడుగుల వెడల్పుతో, యాభై ఏడు అడుగుల పొడవున్న ఆ ఇనుప పడవ ఇన్నేళ్ళుగా ఇంగ్లండు నడిబొడ్డున కాలవల్లో మనిషి నడకంత వేగంతో తిరుగుతూనే ఉంది. ఒకళ్ళ వారం అయిపోగానే ఇంకొకళ్ళు ఎక్కుతారు. దిగేవాళ్ళు డీజిలు నింపాలి, మంచినీళ్ళు నింపాలి, మరుగుదొడ్డి తొట్టె ఖాళీ చెయ్యాలి. అవన్నీ చేసినా ఎక్కేవాళ్ళు ఏదో ఒకటి సణుగుతారు. పోయిన ఏడాదంతా చెంచాల గురించే సణిగారు.

ఆ ఎనిమిది కుటుంబాలకీ ఒక్క విషయంలో మాత్రం పేచీ లేదు. ఇంజను సంగతి వాళ్ళలో ఒకడైన హెడ్లీయే చెప్పాలి. ఏటా వసంతంలో పడవని గట్టుకి లాగి, అందరూ కలిసి అడుగుకి తారు పూసేటప్పుడు, హెడ్లీ ఒక్కడూ తారు ముట్టుకోడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. తారు చేతులతో అందరూ పని ఆపి చుట్టూ నిలబడతారు. "ఎడమ వైపు బేరింగు పోతోంది" అంటే పోతున్నట్టే. "ఇంకో ఏడాది లాగుతుంది" అంటే లాగుతుంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషే, కానీ చాలాసార్లు ఆ కుందేలుకి నిజంగానే మూడు కాళ్ళు ఉండేవి. అదీ అతని అదృష్టం.

ఆ చెవి పోయి రెండేళ్ళయింది. ఈ సంగతి అతని భార్య గ్లెనిస్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్కసారిగా పోలేదు. మొదట పిట్టల కూతలు పోయాయి. తరవాత మనవరాలి మాటలు, ఆ తరవాత ఫోను. డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుని ఒకే ఒక్కసారి పడవ నడిపాడు. ఇంజను చప్పుడు తలలో రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉందని ఊడబీకి మేజోళ్ళ సొరుగులో పడేశాడు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి అన్నీ అర్థం చేసుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే గోడకి చెప్పినట్టే. ఫోన్లన్నీ గ్లెనిసే చేస్తుంది. "నీ గొంతయితే బాగుంటుంది గ్లెన్" అంటాడు, అదేదో ఆమెని మెచ్చుకుంటున్నట్టు.

ఈ వసంతంలో కూడా స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. అందరూ నిలబడ్డారు. గ్లెనిస్ వంగి, ఇంజను పక్కన దీపం సర్దుతున్నట్టు నటించి, తన చెవులతో విని, పైకి లేస్తూ అతని ఎదుట పెదాలు కదిపింది. "పంపు కీచుమంటోంది." అతను గంభీరంగా తలాడించి, "పంపు మార్చాలి" అని తీర్పు చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి గ్లెనిస్‌కి అన్నం సయించలేదు.

ఎందుకు చేసింది అంటే, ఆమె దగ్గర ఒక్కటే జవాబు. చూపో చెవో సరిగ్గా లేనివాళ్ళు పడవకి బాధ్యులుగా ఉండకూడదని ఒక నిబంధన ఉంది. దాన్ని పెట్టించింది హెడ్లీయే. కంటిచూపు మందగించిన సిరిల్ అనే ముసలాయన్ని దింపడానికి పట్టుబట్టి మరీ పెట్టించాడు. ఆ సిరిల్ తరవాత ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాడు, మాట్లాడటం మానేశాడు, రెండు చలికాలాలు దాటలేదు. గ్లెనిస్ ఆ కుర్చీలో హెడ్లీని ఊహించుకునేది. ఊహించుకున్న ప్రతిసారీ నోరు కట్టేసుకునేది.

మే నెలలో టామ్సిన్ వచ్చింది. సిరిల్ వాటా చేతులు మారి మారి ఆమెకి వచ్చింది. క్రూ పట్నంలో సిటీ బస్సు నడుపుతుంది. నలభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి, నవ్వు ఇంకా గట్టిది. పెళ్ళి విడిపోయాక తన కోసమంటూ కొనుక్కున్న మొదటి వస్తువు ఈ పడవలో ఎనిమిదో వంతు. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం కొత్తగా వాటా కొన్నవాళ్ళు మొదటి ప్రయాణం పాతవాళ్ళతో చెయ్యాలి. ఆ పాతవాళ్ళు 'సరే' అంటేనే పడవ తాళం చేతికొస్తుంది. సాధారణంగా ఆ పాతవాడు హెడ్లీయే.

"బస్సుకి బ్రేకుంటుంది అమ్మాయీ. దీనికి లేదు. దీనికి ఉన్నదల్లా బుద్ధి, అది కూడా నీదే" అన్నాడు మొదటిరోజు.

"మా బస్సుకీ బ్రేకు అనుమానమేలెండి. అందుకే హారనుంది" అంది టామ్సిన్.

అతను పెదాలు చూసి పకపకా నవ్వాడు. గ్లెనిస్‌కి ఆ అమ్మాయి నచ్చింది. నచ్చడం కూడా ఆమెకి కష్టంగానే అనిపించింది.

ఆడ్లెం ఊరి దగ్గర కాలవ మెట్లు మెట్లుగా దిగుతుంది, పదిహేను లాకులు. లాకులో, అంటే ముందూ వెనకా తలుపులున్న రాతి తొట్టెలో, పడవ దిగడం పెద్ద విద్య కాదు. పైతలుపు మూసి, కిందితలుపు తూముల పలకలు ఎత్తితే నీళ్ళు పోతాయి, నీళ్ళతోపాటు పడవ దిగుతుంది. ఒక్కటే ప్రమాదం. పైతలుపు కింద, నీళ్ళలో కనపడకుండా, ఒక రాతి గడప ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. అది ఎందాకా ఉందో గోడ మీద తెల్లగీత చెబుతుంది. పడవ వెనక భాగం ఆ గీత దాటి వెనక్కి జరిగితే, నీళ్ళు తగ్గేకొద్దీ తోక గడప మీద కూర్చుంటుంది, ముక్కు మాత్రం దిగిపోతూ ఉంటుంది. ఆ వాలు మరీ ఎక్కువైతే నీళ్ళు లోపలికొస్తాయి. పడవలూ పోయాయి, మనుషులూ పోయారు. అందుకే తూము దగ్గర ఉన్న మనిషి చుక్కాని దగ్గర ఉన్న మనిషి గొంతు మీద చెవి పెట్టి ఉండాలంటారు.

మూడో లాకులో టామ్సిన్ చుక్కాని పట్టింది. హెడ్లీ కిందితలుపు దగ్గర తూములు ఎత్తాడు. గ్లెనిస్ ఎప్పటిలాగే తరవాతి లాకు సిద్ధం చెయ్యడానికి గట్టు వెంబడి ముందుకి నడిచింది. చేరాక వెనక్కి తిరిగి చూసింది. హెడ్లీ తలుపు తిప్పే దూలానికి జారగిలబడి ఆమె వైపే చూస్తున్నాడు. అతని వెనక, లాకు గోడలకి పైన, టామ్సిన్ భుజాలు కనిపిస్తున్నాయి. దిగాల్సిన ఆ భుజాలు దిగడం లేదు.

గ్లెనిస్‌కి అర్థం కావడానికి కాస్త పట్టింది. తరవాత ఆ గొంతు వినపడింది.

"హెడ్లీ! హెడ్లీ గారూ! ఆపండి! హెడ్లీ!"

బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు అది. రెండు పొలాల అవతల మేస్తున్న ఆవులు తలెత్తాయి. హెడ్లీ ఎండలోకి మొహం పెట్టి, భార్యని చూసి నవ్వి, చెయ్యూపాడు.

గ్లెనిస్ రెండు చేతులూ అడ్డంగా పెట్టి చూపించింది. మూసెయ్యమని గుర్తు. కింది లాకు ఇంకా సిద్ధం కాలేదంటోంది కాబోలనుకుని అతను నిదానంగా తలాడించాడు. ఆమె పరిగెత్తింది. అరవై ఆరేళ్ళ మోకాళ్ళతో, చేతిలో తూము తిప్పే ఇనుప హ్యాండిలుతో, ఆ గట్టంతా ఎక్కి వచ్చి, మొగుణ్ణి ఒక్క తోపు తోసి, తూము కొక్కెం తప్పించింది. పలక ధడేల్మని పడింది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు హెడ్లీ. డామ్సన్ ముక్కు లాకు లోతులో ఉంది, తోక ఆకాశంలో ఉంది. టామ్సిన్ వాలిపోయిన ఇనుప నేల మీద మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని వేలాడుతోంది.

చెవి పోయినా చేతులు పోలేదు. రెండో తూము దించాడు, పైతలుపు దగ్గరకి పరిగెత్తి నెమ్మదిగా నీళ్ళు వదిలాడు. ముక్కు మెల్లగా లేచింది. గడప మీంచి తోక జారి దభీమని నీళ్ళలో పడింది. లోపల పింగాణీ అంతా ఒక్కసారి పగిలిన చప్పుడు గ్లెనిస్‌కీ టామ్సిన్‌కీ వినపడింది.

ఒడ్డెక్కాక టామ్సిన్ మోకాలి నుంచి రక్తం కారుతోంది. భయపడ్డ మగవాడు ముందుగా చేసే పనే హెడ్లీ చేశాడు, కేకలేశాడు.

"తెల్లగీత దాటకు అని ఎన్నిసార్లు చెప్పాను? ఇంజను ముందుకి వేసి పెట్టమన్నానా లేదా?"

"అన్నారు. నా తప్పే. గేరు తప్పించాను, చూసుకోలేదు."

"సరే, అదంటే కొత్త. వెనక్కి పోతోందని తెలిశాక అరవాలి కదా? నోరు పడిపోయిందా?"

టామ్సిన్ తెల్లబోయింది. "అరిచాను కదండీ."

"అరిస్తే నాకు వినపడదా? ముప్ఫై ఏళ్ళుగా ఈ లాకుల మీద నిలబడుతున్నవాణ్ణి! కొయ్యబారిపోయావు అమ్మాయీ. అలా కొయ్యబారిపోయేవాళ్ళకి పడవ ఇవ్వలేం."

టామ్సిన్ గ్లెనిస్ వైపు చూసింది. అక్కడ సాక్షి గ్లెనిస్ ఒక్కర్తే.

"ముందు ఆ మోకాలు కడుగుదాం, రా" అంది గ్లెనిస్.

అది అబద్ధం కాదు. అబద్ధం సాయంత్రం చెప్పింది. పడవ గట్టుకి కట్టేశాక పగిలిన కప్పులు ఏరుతూ టామ్సిన్ నెమ్మదిగా అడిగింది. "గ్లెనిస్ గారూ, నేను నిజంగా అరిచానా? అరిచాననే అనుకుంటున్నా. ఒక్కోసారి కల్లో అరుస్తాం చూడండి, గొంతు రాదు, అలాగేమైనా..."

"ఆ కంగారులో ఎవరికేం గుర్తుంటుందిలే" అంది గ్లెనిస్.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నాళ్ళూ మొగుడి చెవులు కాపాడుతున్నాననుకుంది. ఇవాళ ఒక ఆడదాని గొంతు తీసి పక్కన పెట్టేసింది. ఆ అమ్మాయి నమ్మేసింది కూడా. దిగులుగా చీపురుతో పెంకులు ఊడ్చింది.

పొద్దున్న వంటగది బల్ల దగ్గర హెడ్లీ రొట్టె కాల్చుకుని వెన్న రాసుకుంటున్నాడు. టామ్సిన్ ముందు డెక్కు మీద సంచి సర్దుకుంటోంది. తలుపు తెరిచే ఉంది.

"రోలండ్‌కి ఫోన్ చెయ్యి గ్లెన్" అన్నాడు. రోలండ్ అంటే ఎనిమిది కుటుంబాల లెక్కా జమా చూసే ఆయన. "ఆ అమ్మాయి మంచిదే, కానీ ఆపదలో నోరు రాదు, తాళం ఇవ్వలేం అని చెప్పు. మెల్లగా చెప్పు, పాపం."

గ్లెనిస్ ఫోను తీసింది. తన నోటితో చెప్పమంటున్నాడు. ఈసారి తలాడించడం కాదు, పెదాలు కదపడం కాదు, పూర్తిగా తన నోటితో. ఆమె కిటికీ వైపు తిరిగింది. మొగుడి వైపు వీపు పెట్టింది.

"రోలండ్, నేను గ్లెనిస్‌ని. నిన్న ఆడ్లెంలో పడవ గడప మీద కూర్చుంది. ఎవరికీ ఏం కాలేదు. చెప్పేది విను. టామ్సిన్ అరిచింది. నేను కింది లాకు దగ్గర ఉండి కూడా విన్నాను. హెడ్లీకి వినపడలేదు. రెండేళ్ళుగా అతనికి ఏమీ వినపడటం లేదు."

వెనక వెన్న రాస్తున్న కత్తి చప్పుడు ఆగలేదు. గర్, గర్, గర్. మనిషిని ఎదురుగా పెట్టుకుని, అతని గురించే, గొంతు కూడా తగ్గించకుండా చెబుతోంది. చెవిటివాడి ముందు శంఖం అంటే ఇదే. ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది.

"మరి వసంతంలో ఇంజను విన్నది?" అన్నాడు రోలండ్.

"నేను."

"అయ్యో గ్లెన్. ఇంక అతను పడవ మీద బాధ్యత పట్టడానికి లేదు. ఆ నిబంధన అతనే పెట్టాడు."

"తెలుసు. టామ్సిన్‌కి తాళం ఇవ్వు."

ఫోను పెట్టేసింది. ముందు డెక్కు మీద సంచి సర్దే చప్పుడు ఆగిపోయి ఉంది.

"చెప్పావా?" అన్నాడు హెడ్లీ.

"చెప్పాను" అని ఊరుకుంటే అయిపోయేది. రోలండ్ ఏదో ఉత్తరం రాసేవాడు, నేరం రోలండ్ మీదకి పోయేది. గ్లెనిస్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వెలుతురు తన మొహం మీద పడేలా అతని ఎదురుగా కూర్చుంది. రోలండ్‌కి చెప్పిన ప్రతి మాటా, ఒక్కటి కూడా తగ్గించకుండా, మళ్ళీ చెప్పింది.

హెడ్లీ ఆమె పెదాలు చూశాడు. రొట్టె చేతిలోనే ఉంది.

"నా వెనక చెప్పావా?"

"నీ ఎదురుగానే చెప్పాను. ఇక్కడే, ఈ గదిలోనే."

అతను కిటికీ వైపు చూశాడు. ఆమె ఎక్కడ నిలబడిందో, తను ఎక్కడ కూర్చున్నాడో చూసుకున్నాడు. మొహం మాడిపోయింది. "ఆ అమ్మాయి ఏమని అరిచింది?" అన్నాడు.

"నీ పేరే."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు హెడ్లీ. పరిగెత్తుతున్నాను."

అతను రొట్టె కంచంలో పెట్టి లేచాడు. గ్లెనిస్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. కోపమో మరేమో ఆమెకి తెలియలేదు. డెక్కు ఎక్కాడు. టామ్సిన్ లేచి నిలబడింది, ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అంతా వినేసింది. అతను ఆమె వైపు చూడకుండా ఒడ్డుకి దిగి, గట్టు మీద నాలుగైదు అంగలు వేసి, పొలాల వైపు మొహం తిప్పి, వీపు పడవ వైపు పెట్టి నిలబడ్డాడు.

"అమ్మాయీ" అన్నాడు, "నిన్న ఎలా అరిచావో అలాగే అరువు. మొహమాటపడకు."

టామ్సిన్ గ్లెనిస్ వైపు చూసింది. గ్లెనిస్ తలాడించింది.

"హెడ్లీ!"

వెనక కట్టి ఉన్న పడవలో కుక్క మొరిగింది. ఎవరో కిటికీ తీసి తల బయట పెట్టారు. టామ్సిన్ ఇంకోసారి, గొంతు పగిలేలా, ఏడుస్తూ అరిచింది. "హెడ్లీ!"

అతను అలాగే నిలబడ్డాడు. తల కాస్త పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, కాసేపు ఓపిగ్గా ఎదురుచూశాడు.

"ఊఁ" అన్నాడు, "ఇంకా ఆలస్యం దేనికి? అరువు మరి."