ఏడు గదులు, ఏడు రోజులు

బావ ఉద్యోగం తీసేయడానికి నా ప్రోగ్రాంకి అర సెకను పట్టింది.

మందుల కోల్డ్ స్టోరేజీలో గురువారం డ్యూటీ ఆయనది. ఉష్ణోగ్రతల లెక్క నాది. నా పట్టికలో సోమవారం మొదలుకొని రోజుకో అడ్డ వరుస, గదికో నిలువు వరుస. ఒక్కో గది థర్మామీటరుకు ఒక్కో సవరణ అంకె. నేను వాడే భాషలో పట్టికకు ఈ అంకెల జాబితా కలిపితే, మొదటి అంకె మొదటి అడ్డ వరుసకంతా, రెండోది రెండో దానికి వెళ్తుంది. అందుకే ముందు పట్టికను తిప్పి, గదులను అడ్డ వరుసల్లోకి తేవాలి. మరిచిపోతే ఏడు రోజులకు ఆరు గదుల అంకెలు చాలక ప్రోగ్రాం ఆగిపోయేది. అది ఆగాకే తిప్పడం నాకు అలవాటైపోయింది.

ఆ వారం ఏడో గది తెరిచారు. ప్రోగ్రాం ఆగలేదు. గురువారం గదులన్నీ మూడు డిగ్రీలు వేడెక్కినట్టు చూపించింది.

"రెండు గంటలకోసారి చూశాన్రా. ఏ గదీ వేడెక్కలేదు. ఇంకోసారి వేసి చూడు," అన్నాడు బావ, మేనేజరు గది బయట.

"చూసేదేముంది బావా? మిషన్‌కి నీ మీద పగా?"

"దానికి లేదులే. బామ్మర్దికేమైనా ఉందేమోనని," నవ్వబోయాడు.

నేను నవ్వలేదు. బావని వెనకేసుకొచ్చాడని ఎవరైనా అంటారేమోనని, మళ్లీ చూడకుండానే సంతకం పెట్టేశాను. మందులన్నీ పారబోశారు. సాయంత్రానికి బావని ఇంటికి పంపేశారు.

మరుసటి వారమే ఎనిమిదో గది తెరిచారు. మీట నొక్కగానే ప్రోగ్రాం ఆగిపోయింది: ఏడు రోజులకు ఎనిమిది అంకెలు, పొడవులు కుదరలేదు.

పోయిన వారం ఏడు రోజులకు ఏడు అంకెలు సరిపోయి అది ఆగలేదు, నేను తిప్పలేదు. పాత పట్టికను తిప్పి మళ్లీ వేశాను. గురువారం ఏ తేడా లేదు. నాలుగో గదికి వెళ్లాల్సిన మూడు డిగ్రీల సవరణ నాలుగో రోజుకు, అంటే గురువారానికి, వెళ్లింది.

"సరుకంతా పారబోశాక ఇప్పుడు తప్పు లేదంటే పైవాళ్లకేం చెప్పను?" అన్నాడు మేనేజరు. "ఆ చోట్లో వేరే మనిషిని వేసేశాం కూడా."

కాగితం పట్టుకుని బావ ఇంటికెళ్లాను. అక్క తలుపు తీసింది, రమ్మనలేదు. బావ నిలబడే చదివాడు.

"నాలుగో గది థర్మామీటరు మూడు తక్కువ చూపిస్తోందని నీకు చెప్పిందెవర్రా?"

"నువ్వే బావా."

"అప్పుడు నమ్మావు కదా," అని కాగితం నా చేతికిచ్చేశాడు.