శనివారం రిజిస్టరు

సోమవారం పొద్దున్న మిల్లు గేటు దగ్గర, అందరూ వింటుండగా, మేస్త్రి ఒకామెను ఆపాడు.

"ముగ్గురు పిల్లలు చాలనుకున్నావా? నాలుగోదాన్ని ఎప్పుడు తీయించుకున్నావు, బుధవారమా, గురువారమా?"

ఆమె నూలు చుట్టే రీలింగులో పదకొండేళ్లు పనిచేసిన మనిషి. ఆమె భర్త నాలుగడుగుల వెనక అదే వరుసలో ఉన్నాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది. కొందరు మగవాళ్లు నవ్వారు. ఆమె తల దించుకుని వెనక్కి తిరిగింది. మళ్లీ పనిలోకి రాలేదు.

మేస్త్రికి ఎవరు చెప్పారా అని వారం రోజులు ఒకరినొకరు అనుమానించుకున్నారు. ఎవరూ చెప్పలేదు. నేను మోసుకెళ్లాను.

మిల్లు ఆసుపత్రిలో నేను అటెండర్ని. రెండు గదులు, ఒక వరండా, ఒక నర్సు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు. ప్రతి శనివారం మూడింటికి రోగుల రిజిస్టరు చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాలి. అది చూపిస్తేనే మేనేజరు మందుల చీటీ మీద సంతకం పెడతాడు. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అక్కడ మేస్త్రి వేలు పెట్టి ఒక్కో వరుసా చూస్తాడు. ఎవరికి నెల తప్పింది, ఎవరికి కడుపు పోయింది, ఎవరు తీయించుకున్నారు. నెల తప్పినవాళ్లను సోమవారం నుంచి బేళ్ల షెడ్డుకు మారుస్తాడు. కాన్పు సెలవు అడిగేలోపు వాళ్లంతట వాళ్లే మానేయాలని. దూది బేళ్లు దొర్లించి కడుపు నిలుపుకున్న ఆడదాన్ని నేను చూడలేదు.

తొమ్మిదేళ్లు మోశాను. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివాను. మోస్తున్నదేమిటో చదివి తెలుసుకునేంత చదువు అది.

ఆ వారమే గురువారం పిచ్చుక వచ్చింది. సన్నటి మనిషి, నోరు ఊరుకోదు, అందుకే ఆ పేరు. పెళ్లయి ఆరేళ్లు. రెండు కడుపులు పోయాయి, రెండూ బేళ్ల షెడ్డులోనే. నర్సు పరీక్ష చేసింది.

"మూడో నెల. బరువులెత్తితే ఇదీ నిలవదు. ఆ తర్వాత నీ ప్రాణానికే కష్టం," అంది.

రిజిస్టరులో రాసింది. రాయక తప్పదు. రేపు ఏ వేళలోనో రక్తం పోతూ వస్తే, ముందు ఏం జరిగిందో తెలియాలి.

పిచ్చుక బయటికొచ్చి నా బల్ల దగ్గర ఆగింది.

"బాబాయ్, ఈ శనివారం నన్ను కూడా మోస్తావా?"

"నా ఉద్యోగం అది."

"చంక పెద్దదేలే నీది. మిల్లులో ఆడాళ్ల కడుపులన్నీ పట్టేస్తాయి."

నేను తర్వాతి రోగిని పిలిచాను.

శుక్రవారం షిఫ్టు దిగాక దూది వేస్టు గదిలో కూడారు. ముప్పైమంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. ఆ గదిలో ఎవరూ దగ్గకుండా రెండు మాటలు ఆడలేరు. పెద్దక్క మధ్యలో కూర్చుంది. మిల్లులో ఏ గొడవైనా ముందుండే మనిషి ఆమె. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ఊడ్చే ముసలమ్మ తేలిగ్గా తేల్చేసింది.

"ఏముందే పిచ్చుకా, నా ఆసుపత్రి కార్డు పట్టుకుపోయి నీ పేరు కొట్టేసి నాది రాయించుకో. నాకు ముట్లుడిగి ఆరేళ్లు. నాకు మూడో నెలని రాస్తే మేస్త్రి ఏం చేస్తాడు, పేపర్లో వేయిస్తాడా?"

అందరూ నవ్వారు. కార్డులు మార్చుకుందాం, అందరం అలాగే చేద్దాం అన్నారు.

"వద్దు," అన్నాను.

"ఆఫీసు మనిషివి, నీకెందుకు బాబాయ్ మా సంగతి?" అంది పిచ్చుక.

"నా భార్య అలాగే పోయింది."

ఆమె పోయిందని వాళ్లకు తెలుసు. ఎలా పోయిందో తెలియదు. చెప్పాను. నాలుగేళ్ల కిందట, ఈ మిల్లులోనే పనిచేస్తుండగా, ఆమెకు నెల తప్పింది. షెడ్డుకు భయపడి ఇంకొకరి కార్డు మీద చూపించుకుంది. నాకూ చెప్పలేదు. ఒక శనివారం రక్తం పోతూ ఆసుపత్రికి తెచ్చారు. స్పృహ లేదు. ఆమెకు పడని ఇంజెక్షను ఒకటుంది. ఆమె సొంత కార్డు మీద ఎర్ర సిరాతో రాసి ఉంది. చేతిలో ఉన్న కార్డు మీద లేదు. నర్సు అప్పుడు వేరే మనిషి, కొత్తది, మమ్మల్ని ఎరగదు. డాక్టరు కార్డు చూసి అదే ఇంజెక్షను ఇచ్చాడు. ఆ వేళకు నేను ఆఫీసులో రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"కార్డు ఎవరిది?" పిచ్చుక అడిగింది.

"నాది," అంది పెద్దక్క.

నాలుగేళ్లుగా మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"ఏడుస్తూ వచ్చి అడిగింది. ఇచ్చాను. పొమ్మని తలుపేసుకోమంటావా? ఇచ్చింది నేనే. కార్డు మార్చుకునేంత భయం దానికెందుకొచ్చింది? వారం వారం మోసిందెవరు?"

"నేనే."

"మరి నన్నేం అనాలని వచ్చావు?"

"నిన్ను క్షమించలేదు. నన్ను నేనూ క్షమించుకోను. అది మన గొడవ. ఇప్పుడు దాక్కోవడం వద్దని చెప్పడానికి వచ్చాను. పిచ్చుక జబ్బు పిచ్చుక కార్డు మీదే ఉండాలి. రిజిస్టరు మాత్రం ఆసుపత్రి గుమ్మం దాటకూడదు."

దూది ఏకే కార్డింగులో పనిచేసే కుర్రాడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. "ఇది ఆడాళ్ల వ్యవహారం. దీనికోసం మేమెందుకు పని పోగొట్టుకోవాలి?"

"నువ్వు పుట్టింది కూడా ఆడాళ్ల వ్యవహారమే తమ్ముడూ," అంది పెద్దక్క. "నీ ఊపిరితిత్తుల మాట రాసింది కూడా ఆ పుస్తకంలోనే. మేస్త్రి ఇంకో పేజీ తిప్పడమే ఆలస్యం."

వాడు దగ్గాడు. తర్వాత కూర్చున్నాడు.

నర్సు అప్పుడు నోరు విప్పింది. ఆమె వచ్చిన సంగతి చాలామంది గమనించలేదు.

"చట్టం ఉంది. రోగి వివరాలు కావాలంటే అడిగినవాళ్లు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. వీటితో ఎవరినీ శిక్షించను, ఎవరి పనీ తీయను అని. అబద్ధమైతే వాళ్లకే జైలు. కాగితాలు నా అలమరాలో మూడేళ్లుగా ఉన్నాయి."

"మూడేళ్లుగా ఏం చేశావమ్మా?" అని ఎవరో అడిగారు.

"భయపడ్డాను," అంది.

శనివారం మూడయింది. నేను బల్ల దగ్గరే కూర్చున్నాను. మూడున్నరకు మేస్త్రి వచ్చాడు.

"ఏం ముసలోడా, కాళ్లు పడిపోయాయా?"

"రిజిస్టరు రాదు."

నర్సు కాగితం ముందు పెట్టింది. అతను చదివి, చేతులు దులుపుకుంటూ వెళ్లాడు. మేనేజరు వచ్చాడు. మందులు ఆపేస్తానన్నాడు, మా ఇద్దరి ఉద్యోగాలూ తీసేస్తానన్నాడు. నాలుగున్నరకు పోలీసులను పిలిపించాడు. అప్పటికి షిఫ్టు దిగింది. వరండా నిండింది, మెట్లు నిండాయి, రోడ్డు దాకా జనం. ముందు వరుసలో పిచ్చుక, ఆమె పక్కన పెద్దక్క. కార్డింగు కుర్రాడు కూడా ఉన్నాడు.

నర్సు కాగితం అందరికీ వినపడేలా చదివింది. సంతకం లేకుండా పుస్తకం ముట్టుకున్నా నేరమేనన్న వాక్యం రెండుసార్లు చదివింది. పోలీసు అధికారి కాగితం తీసుకుని మేనేజరుకు ఇచ్చాడు.

"కావలసింది మీకు. మీరే పెట్టండి."

మేనేజరు మేస్త్రికి ఇచ్చాడు. మేస్త్రి కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఇంతమంది మగాళ్లలో సంతకం వచ్చినవాడు ఒక్కడూ లేడా?" అంది ఊడ్చే ముసలమ్మ. "పోనీ వేలిముద్ర వేయండి నాయనా, నేను నేర్పిస్తా."

ఎవరూ వేయలేదు. కానీ పోలీసులు ఉత్త చేతులతో తిరిగి వెళ్లరు. విధులకు అడ్డుపడ్డామని నర్సునూ నన్నూ జీపెక్కించారు.

లాకప్పు గదికి కిటికీ లేదు. నర్సును పక్క గదిలో పెట్టారు. సోమవారం పది గంటలకు పెద్దక్క వచ్చింది. బయట ఎనభైమంది ఉన్నారని చెప్పింది. నాకు అలసటగా ఉంది. లేచి కటకటాల దగ్గరికి వెళ్లాను.

"మేస్త్రి పిచ్చుకను షెడ్డుకు పొమ్మన్నాడు," అంది. "ఎందుకని అడిగింది. ఎవరో చెప్పారన్నాడు. ఎవరని అడిగింది. పుస్తకం చూపించమంది. వెళ్లి తన ఫ్రేము దగ్గరే నిలబడింది. దాని మిషనుకు కరెంటు తీయించాడు. అంతే, పక్కామె తన మిషను ఆపింది. ఆ పక్కామె ఆపింది. కార్డింగు వాళ్లూ ఆపారు."

"ఇప్పుడు?"

"ఇంకా ఆగే ఉన్నాయి."

"రిజిస్టరు?"

"అలమరాలోనే. ఆసుపత్రి గుమ్మంలో మనవాళ్లు కూర్చున్నారు."

"మగవాళ్లను కూడా కూర్చోబెట్టండి. వంతులు వేసుకోండి."

"మళ్లీ పోలీసులు వస్తే ఏం చేయాలని అడుగుతున్నారు."

ఆమె ముఖంలోకి చూశాను. నాలుగేళ్లలో అదే మొదటిసారి. ఆమెను క్షమించలేదు, ఇప్పటికీ.

"రమ్మనండి," అన్నాను. "ఈ గదిలో ఇంకా చాలా చోటుంది."