రెండో జాడీకి ఇఫ్తార్

బెల్లం నీళ్లు తాగి లైసిన్ ఇచ్చే సూక్ష్మజీవిని పెంచుతున్నానంటే మహబూబ్‌నగర్‌లో నవ్వనివాళ్లు తక్కువ. లైసిన్ అంటే కోళ్ల దాణాలో కలిపే పోషకం. అప్పట్లో దాన్ని బయటిదేశాల నుంచి కొనేవాళ్లు. "మన కాలేజీ వెనక గదిలో అవుతుందా మంజులతా?" అని స్టాఫ్‌రూములో ఇకిలించిన ముఖాలన్నీ నాకు గుర్తే.

ఆ జీవి చక్కెర తిని లైసిన్‌తో పాటు ఇంకా ఏవేవో చేసుకుంటుంది. ఆ మిగతా దారి నేను మూసేశాను. ఒక కాలువకు మట్టికట్ట వేస్తే నీళ్లన్నీ పక్క మడికి పారినట్టు, తిన్నదంతా లైసిన్ వైపు మళ్లింది. కాకపోతే మూసిన దారిలో దొరికేది ఇక మనమే అందించాలి. అందుకు పల్లిచెక్క ఉడికించిన నీళ్లు పోస్తాం. అదీ ప్రాణం నిలిచేంతే. ఎక్కువైతే ఒళ్లు పెంచుకుని లైసిన్ చేయడం మానేస్తుంది.

అది 1994, రంజాన్ నెల. నా పని చూసి తేల్చడానికి హైదరాబాద్ నుంచి కమిటీ వస్తోంది. వాళ్లు కాదంటే నా గదికి తాళమే. రెండు గాజు జాడీల్లో జీవిని పెంచి సిద్ధంగా ఉంచాను. సాయంత్రం పూట ఒక్కో జాడీ పైన వేలాడే సీసా గొట్టానికున్న క్లిప్పు వదిలి, గీత దాకా పల్లిచెక్క నీళ్లు దించే పని మా అటెండర్ ఇక్బాల్ బీది.

కమిటీ వచ్చే రోజు పొద్దున చూస్తే రెండో జాడీ చిక్కబడి నురగలు కక్కుతోంది. దాని సీసా ఖాళీ.

"ఇక్బాల్ బీ! ఏం జేసినవ్ దీన్ని?"

"నిన్న రోజా ఇడిసే యాళ్లకు జూసిన మేడం. మొదటిదానికన్న ఇది పల్చగ, పానం లేనట్టుండె. పక్కనున్నోళ్లకు పెట్టకుంట తింటే బర్కత్ ఉంటదా, కలిసొస్తదా? అందుకే జర ఎక్కువ ఇడిసిన."

"అది నీ చుట్టమా? కొంప ముంచినవ్. పో, నా కండ్ల ముందట ఉండకు!"

ఆమె వరండాలోకి పోయింది. నేను రెండో జాడీ మీద గుడ్డ కప్పేశాను.

కమిటీలో పెద్దాయన నా లెక్కలు పైపైన తిరగేశాడు. "పల్లిచెక్కలోనే లైసిన్ ఉంటుంది కదమ్మా. మీరు పోసిందే మాకు తిరిగి చూపిస్తున్నారేమో!"

"పోసే నీళ్లను విడిగా పరీక్షించాను సార్, ఆ కాగితాలు..."

"కాగితాలకేం, అందరూ చూపిస్తారు."

ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది. అప్పుడు నా చూపు గుడ్డ మీద పడింది. దాన్ని లాగేశాను.

"దీంట్లో పల్లిచెక్క నీళ్లు చాలా ఎక్కువ పడ్డాయి సార్. మీరన్నదే నిజమైతే లైసిన్ కూడా దీంట్లోనే ఎక్కువుండాలి. పరీక్ష మీ ముందే చేస్తాను."

రెండు జాడీల చుక్కలూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టాను. లైసిన్ ఎంతుంటే ఊదారంగు మచ్చ అంత ముదురుగా వస్తుంది. మచ్చలు తేలేసరికి సాయంత్రమైంది. మొదటి జాడీది పండిన నేరేడు పండు రంగు. రెండోది కనిపించీ కనిపించనట్టుంది.

పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "మీ జీవే చేస్తోందమ్మా. పని సాగించండి" అని ప్రిన్సిపాల్ ముందే అన్నాడు.

వాళ్ల జీపు వెళ్లేసరికి మసీదులో ఇఫ్తార్ సైరన్ మోగింది. వరండాలో ఇక్బాల్ బీ తువ్వాలు పరిచి కూర్చుంది. పొద్దటి నుంచి ఆమె అక్కడి నుంచి కదల్లేదు. వెళ్లి పక్కన కూలబడ్డాను. నేనూ ఆ రోజు ఏమీ తినలేదు.

"నువ్వు కడుపు నింపితే పని బంద్ జేసిన జాడీయే నన్ను బతికిచ్చింది ఇక్బాల్ బీ. పొద్దున ఊకెనే నోరు వారేసుకున్న."

ఆమె నా వైపు చూడలేదు. ఖర్జూరం ఒకటి తీసి నా చేతి దాకా తెచ్చి ఆపింది.

"నీకు పెడితే నువ్వు గూడ పని బంద్ జేస్తవా?"

"చెయ్య" అన్నాను.

"గట్లయితే రెండు తీస్కో బిడ్డా."